చిత్తడి నేలల ఫోటోలకు పులికాటా, కొల్లేరా?

పక్షులు చూడటానికి వెళ్లే మనలో చాలామంది పక్షి ఫోటోలతోనే తిరిగొస్తాం. ఆ రోజు చెరువులో నీళ్లెంత ఉన్నాయి, మబ్బు పట్టిందా, పక్కన ఎవరు నిలబడ్డారు అన్నది ఒక్క ఫోటోలోనూ కనపడదు. ఈ చలికాలం నీటినీ ఆకాశాన్నీ తోటివాళ్లనీ కూడా తీద్దామనుకుంటే ఎటు వెళ్లాలి?

చూడగానే మనసు లాగేసేది పులికాటే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. వానలు బాగా పడిన ఏడాది రెండు వైపులా నీళ్లే. రోడ్డు తూర్పుకు సాగుతుంది కాబట్టి పొద్దు పొడిచే వేళ మన ముందు నడిచే స్నేహితులు సూర్యుడికి అడ్డంగా నల్లటి ఆకారాల్లా పడతారు. ఉత్తరానికో దక్షిణానికో తిరిగితే పక్క వెలుగు దొరుకుతుంది. నేలంతా చదును కనుక ఫ్రేములో మూడింట రెండొంతులు ఆకాశానికే ఇచ్చేయొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు కమ్ముకొస్తుంటే మామూలు ఫోన్ చాలు. దూరంగా రాజహంసలు సన్నటి గులాబీ గీతలా కనిపిస్తాయి, ఇలాంటి ఫోటోకి ఆ గీతే అందం. ఎండెక్కాక మాత్రం నీటి మీద గాలి మరిగి దూరపువన్నీ అలికినట్టు వస్తాయి. గాలి జోరుకి ట్రైపాడ్ కూడా వణుకుతుంది.

కొల్లేరు అంత తేలిగ్గా లొంగదు. చేపల చెరువుల గట్లు, కరెంటు తీగలు, గుర్రపుడెక్క... ఎటు తిప్పినా ఏదో ఒకటి అడ్డం వస్తుంది. అయినా నా ఓటు కొల్లేరుకే. ఆ అడ్డం వచ్చేవే దాని కథ. 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. గట్టు, నీరు, గుర్రపుడెక్క ఎక్కడిదాకా ఉన్నాయో చూపే ఫోటో పదేళ్ల తర్వాత ఎంతో విలువైన ఆధారం అవుతుంది. అందుకే ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకి, నెలనెలా ఒకటి తీయమంటాను. ఏలూరు, కైకలూరు చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఇది పెద్ద పని కాదు.

సంక్రాంతి ముందు పొగమంచు కూడా ఇక్కడ బాగుంటుంది. కెమెరా తనంతట తాను మంచుని బూడిద రంగులోకి దించేస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుగు) ఒక మెట్టు పెంచితే తెల్లదనం నిలుస్తుంది. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, అప్పుడు గుడ్డతో రుద్దొద్దు. కెమెరాని కాసేపు సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

మనుషుల ఫోటోలకూ కొల్లేరే మేలు. పులికాట్ రోడ్డు మీద అందరూ వరసగా దూరం చూస్తూ నిలబడతారు, వెనక వీపులే దొరుకుతాయి. కొల్లేరులోని ఆటపాక పక్షుల కేంద్రంలో పడవలో ఎదురెదురుగా కూర్చుంటాం. బైనాక్యులర్ దించిన క్షణంలో కళ్ల చుట్టూ పడిన గుండ్రటి అచ్చు, పుస్తకంలో బొమ్మ వెతికే వేలు, "అదిగో, అదిగో!" అంటూ తెరుచుకున్న నోరు చేతికందే దూరంలో ఉంటాయి. తాటి దోనెలో వెళ్లే కొల్లేరు మనిషి ఎదురైతే అడిగే ఫోటో తీయండి. ఈ సరస్సు అతని బతుకుతెరువు, మనం చూసి పోయేవాళ్లం.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు కూడా మంచిదే, కాకపోతే చిన్న చెరువు. అక్కడ ఊరివాళ్లు ఇళ్ల మధ్యే పక్షుల్ని కాపాడుకుంటున్న తీరు తీయాలి, విశాలమైన దృశ్యం ఆశించకూడదు.

ఒక్క వారాంతమే చేతిలో ఉంటే పులికాట్ వెళ్లండి. మళ్లీ మళ్లీ వెళ్లగలిగితే కొల్లేరు. రెండు చోట్లా గూళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. తల్లి పక్షి లేచిపోతే పిల్లలు ఎండకి మాడిపోతాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి.