ఇది ఏ గదబ? వికీపీడియాలో చిన్న భాషల గురించి పదకొండేళ్లుగా రాస్తూ

వికీపీడియాలో నేను రాసేదంతా దాదాపు భాషల గురించే. అందులోనూ మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్నవి, పేరు కూడా చాలామంది వినని భాషలు. మొదలుపెట్టి పదకొండేళ్లయింది. అప్పట్లో వారానికి రెండు మూడు మొలకలు (నాలుగు వాక్యాల చిన్న వ్యాసాలు) వేసేదాన్ని. ఇప్పుడు నెలకు ఒక్క వ్యాసం సరిగ్గా కుదిరితే చాలనుకుంటున్నాను. ఈ పనికి వికీపీడియా ఎంతవరకు ఉపయోగపడుతుందని కొత్తగా రాయాలనుకునేవాళ్లు అడుగుతుంటారు. ఇన్నేళ్ల వాడకంలో నాకు తెలిసొచ్చింది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. ఒక భాష గురించి ఇప్పటికే అచ్చయి, ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా పడి ఉన్న సమాచారాన్ని ఒకచోట చేర్చి, తప్పుంటే ఎవరైనా దిద్దేలా ఉంచడానికి దీన్ని మించిన చోటు నాకు కనబడలేదు. ఆ భాషనే భద్రపరచాలంటే మాత్రం ఇదొక్కటీ చాలదు. ఇవి రెండూ వేరు వేరు పనులని అర్థం కావడానికి నాకే చాలా కాలం పట్టింది.

నాకు మొదటి దెబ్బ ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లోని గదబ తెగవాళ్ల భాష దగ్గర తగిలింది. "గదబ భాష" అని వ్యాసం మొదలుపెట్టి, ఒక పుస్తకంలోంచి ధ్వనుల వివరాలు, ఇంకో దాంట్లోంచి భాషా కుటుంబం, జనగణనలోంచి సంఖ్య తెచ్చి పెట్టాను. మూలాలన్నీ మంచివే, వ్యాసం మాత్రం తప్పు. ఎందుకంటే గదబ అనే పేరుతో రెండు భాషలున్నాయి. ఒకటి గుతోబ్. అది ముండా కుటుంబానిది, బోండా తెగవాళ్లు మాట్లాడే రెమో భాషకు దగ్గరి చుట్టం. రెండోది ద్రావిడ కుటుంబానిది, పర్జీకి దగ్గరిది. ఓల్లారి, కొండెకోర్ అన్న పేర్లు దీనివే. బయటివాళ్లకు ఇద్దరూ గదబలే. ద్రావిడ గదబలో నీళ్లను "నీర్" అంటారు, మన చెవికి ఇట్టే అందుతుంది. ముండా భాషల్లో అయితే దా, దాక్ లాంటి మాటలు. ఈ ఒక్క మాట పక్కపక్కన పెట్టి చూసుకున్నా నాకు అనుమానం వచ్చి ఉండేది. చూసుకోలేదు. ధ్వనులు ద్రావిడ భాషవి, కుటుంబం ముండా, సంఖ్య ఇద్దరిదీ కలిపి. లోకంలో ఎక్కడా లేని భాష ఒకటి నా పేజీలో ఏడు నెలలు ఉంది.

ఒకరోజు ఆ వ్యాసం చర్చా పేజీలో (వ్యాసం గురించి మాట్లాడుకునే పేజీలో) ఎవరో ఒకే ఒక్క ముక్క రాశారు: "ఇది ఏ గదబ?" అది చదివి మూలాలన్నీ మళ్లీ తీశాను. వ్యాసాన్ని విడగొట్టి, పాత పేరును అయోమయ నివృత్తి పేజీగా, అంటే ఒకే పేరున్న వ్యాసాలకు దారి చూపే పేజీగా, మార్చడానికి రెండు వారాలు పట్టింది. ప్రతి భాషకూ మూడక్షరాల గుర్తునిచ్చే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 639-3 సంకేతాల విలువ తెలిసింది అప్పుడే. గుతోబ్‌కు జీబీజే, ఓల్లారికి జీడీబీ, కొండెకోర్‌కు జీఏయూ. పేర్లు కలిసిపోయినచోట ఈ మూడక్షరాలు విడదీసి చూపిస్తాయి. అయితే వాటినీ కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఓల్లారి, కొండెకోర్ ఒకే భాషకు రెండు రూపాలని చూసే పండితులున్నారు, సంకేతాలేమో రెండు. అలాంటిచోట ఏదో ఒక పక్షం ఎంచుకోకుండా, ఎవరు ఎలా చూశారో రాసి ఊరుకోవడమే మన పని.

సంఖ్య సంగతి ఇంకా పెద్దది. జనగణన పట్టికలో గదబ అన్నది ఒకే పద్దు. ఆ అంకె తీసుకెళ్లి ఏ గదబకు కట్టాలి? భాష వ్యాసంలో కుడిపక్కన సమాచారపెట్టె ఉంటుంది కదా, అందులో మాట్లాడేవారి సంఖ్యకు ఒక గడి ఉంటుంది. మొత్తం వ్యాసంలో జనం చదివేది, కాపీ చేసుకునేది ఆ గడినే. నేను పెట్టిన తప్పు అంకెను ఒక వెబ్‌సైటు ఎత్తుకుంది. నా పేజీలో దిద్దిన తర్వాత కూడా అక్కడ అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి నాకొక నియమం. ఏడాది లేకుండా సంఖ్య రాయను. ఆ సంఖ్య తెగ జనాభాదా, భాష మాట్లాడేవాళ్లదా అన్నది తేలకుండా రాయను. రెండింటికీ మధ్య తేడా ఒక్కోచోట ఎంత ఉంటుందంటే, తెగలో వేలమంది ఉన్నా భాష వచ్చినవాళ్లు పిడికెడుమంది ముసలివాళ్లే అయ్యుండొచ్చు.

జనగణనను చదవడం కూడా ఒక విద్యే. 2011లో భారతదేశంలో జనం తమ మాతృభాషగా చెప్పిన పేర్లు 19,569. వడపోతల తర్వాత పట్టికకెక్కిన భాషలు 121. పదివేల మందికన్నా తక్కువ మంది మాట్లాడేవాటిని 1971 నుంచి విడిగా చూపడం లేదు. అందుకే నీలగిరుల్లోని తోడా, కోటా లాంటి భాషలు ఆ పట్టికలో కనబడవు. పట్టికలో లేదు కాబట్టి మాట్లాడేవాళ్లు లేరని రాసిన దిద్దుబాట్లు నేనే చాలా వెనక్కి తిప్పాను.

మూలాలకు కరువు లేని భాషలూ ఉన్నాయి. సవరకు గిడుగు రామమూర్తి గారు 1931లోనే వ్యాకరణం అచ్చువేశారు. పర్జీ మీద బరో, భట్టాచార్యల పుస్తకం 1953లో, కొలామీ మీద ఎమెనోది 1955లో, కొండ (కూబి) అనే భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారిది 1969లో వచ్చాయి. ఇవి చేతిలో ఉంటే పండగే. ఇక్కడే ఇంకో పొరపాటు కాచుకుని ఉంటుంది. 1953 నాటి పుస్తకం చూసి "పర్జీలో ఇలా అంటారు" అని రాసేస్తాం. అంటారో లేదో మనకు తెలియదు. "అని నమోదు చేశారు" అని రాయాలి. క్రియ ఒక్కటి మారితే వ్యాసం నిజాయితీ మారిపోతుంది. నా పాత వ్యాసాలన్నిటిలో ఇది వెతికి మార్చడానికే ఒక వేసవి సరిపోయింది.

తెలుగులో రాయడంలో ఇంకో చిక్కు లిపి. తోడా భాష గురించి రాస్తూ నేను ఆగిపోయినన్నిసార్లు మరెక్కడా ఆగలేదు. దానిలో నాలుక కంపించే ర-కారాలే మూడు చోట్ల పుడతాయి, వాటిలో మళ్లీ మామూలువి, తాలవ్యీకరించినవి (నాలుకను అంగిలి వైపు ఎత్తి పలికేవి) వేరు. మనకు ర ఉంది, వాడుకలోంచి పోయిన ఱ ఉంది, మూడోదానికి అక్షరం లేదు. నాదం లేకుండా గాలి ఈలలా పోయే ల-కారం కూడా తోడాలో ఉంది, దానికీ మనకు అక్షరం లేదు. మొదట దాన్ని "ల్హ" అని రాశాను. చదివినవాళ్లు ల కింద హ పలుకుతున్నారని తర్వాత తెలిసింది. ఇప్పుడు అంతర్జాతీయ ధ్వని లిపిలో రాసి, పక్కన తెలుగులో రెండు వాక్యాల్లో నాలుక ఎక్కడ ఆనాలో, గాలి ఎటు పోవాలో వర్ణిస్తున్నాను. పొడవవుతుంది, అయినా తప్పు పలికించడం కన్నా మేలు.

ఇక అసలు పరిమితి. మౌలిక పరిశోధనకు, అంటే ఇంకెక్కడా అచ్చుకాని సొంత పరిశీలనకు, వికీపీడియాలో చోటు లేదు. ఎక్కడైనా ప్రచురించిన నమ్మదగిన మూలం ఉంటేనే మాట నిలుస్తుంది. ఈ నియమం సరైనదే, అది లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు. కానీ అచ్చుకెక్కని భాషల దగ్గర అది ఎంత బరువో చేసి చూస్తేగాని తెలియదు. ఒక వ్యాసంలో నేనిచ్చిన ఉదాహరణ వాక్యం చూసి ఆ భాష మాట్లాడే కుర్రాడొకడు చర్చా పేజీలో రాశాడు: "అక్కా, మేం ఇలా అనం. మా తాతలు కూడా అనలేదు." అతను చెప్పింది నేను నమ్మాను. వ్యాసంలో పెట్టలేకపోయాను. చేయగలిగిందల్లా ఆ వాక్యం ఏ పుస్తకంలోదో, ఏ ఏడాదిదో, ఏ ప్రాంతంలో సేకరించినదో వాక్యం పక్కనే చెప్పడం, అతని మాటను చర్చా పేజీలో చెక్కుచెదరకుండా ఉంచడం. రేపు ఎవరైనా పరిశోధకులు ఆ పేజీ తెరిస్తే వాళ్లకు దారి దొరుకుతుంది.

భాషను భాషగా నిలపాలంటే పక్కింటి తలుపులు, అంటే వికీపీడియా సోదర ప్రాజెక్టుల తలుపులు తట్టాలి. మాటలకు విక్షనరీ అనే నిఘంటువు, గొంతుకు ఫైళ్లు దాచే కామన్స్, కొత్త భాషలో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టడానికి ఇంక్యుబేటర్. తుళు 2016లో, సంతాలీ 2018లో సొంత వికీపీడియాలు తెచ్చుకున్నది ఈ దారినే. ఉచ్చారణలు రికార్డు చేయడానికి లింగ్వా లిబ్రే అనే పనిముట్టు ఉంది. మాటల జాబితా ఇస్తే ఒక్కొక్కటే తెర మీద చూపిస్తుంది, మనం పలికి ఆగగానే తనే కత్తిరించి తర్వాతి మాటకు వెళ్తుంది. గంటలో వందల మాటలు అయిపోతాయి. ఇంత సులువుగా ఉండటమే నన్ను భయపెట్టింది కూడా.

ఒక పెద్దావిడ చేత ఆమె భాషలో మాటలు చెప్పించుకుని రికార్డు చేశాను. ఆ భాష పేరు ఇక్కడ రాయను, ఎందుకన్నది మీకే తెలుస్తుంది. శరీర భాగాలు, చుట్టరికాలు, అంకెలు అయ్యాక ఆవిడే ఒక పాట ఎత్తుకుంది. పాడటం అయ్యాక అడిగింది: "అమ్మా, రేపు మావాళ్లు వద్దంటే తీసేస్తావా?" స్వేచ్ఛా లైసెన్సు అంటే ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేనిదని ఆవిడకు చెప్పాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మాటలు తీసుకో. పాట వద్దు" అంది. ఆ ఫైలును ఆవిడ ముందే చెరిపేశాను. లైసెన్సు గురించి రికార్డింగు మొదలుకాకముందే, ఆవిడ భాషలోనే, తీరిగ్గా చెప్పించి ఉండాల్సింది. నొక్కాల్సిన బటన్లు నేర్పే పాఠాలు ఎన్నో ఉన్నాయి. ఈ సంభాషణ ఎలా చేయాలో నేర్పేవి నాకు దొరకలేదు.

ఇంకో మాట "మృతభాష" గురించి. సమాచారపెట్టెలో ఆ ముక్క రాసేముందు ఐల్ ఆఫ్ మాన్ దీవి భాష మాంక్స్ కథ గుర్తుచేసుకోండి. దాన్ని పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో పోయారు. 2009లో యునెస్కో అట్లాసు ఆ భాష అంతరించిందని చూపితే, మాంక్స్‌లోనే చదువుకుంటున్న బడిపిల్లలు ఉత్తరాలు రాశారు: మా భాష చచ్చిపోతే మేం రాస్తున్నది ఏ భాషలో అని. యునెస్కో ఆ వర్గీకరణ మార్చింది. అందుకే నేను "పుట్టుకతో మాట్లాడిన చివరి వ్యక్తి ఫలానా ఏడాది మరణించారు" అని మాత్రమే రాస్తాను. తౌఫిక్ ఎసెన్చ్ 1992లో పోయాక కాకసస్ ప్రాంతపు ఉబిఖ్ భాషకు అలాంటివారు లేరు, కానీ ఆయన గొంతు, ఎనభైకి పైగా ఉన్న ఆ హల్లుల వివరం నిలిచి ఉన్నాయి.

దీనికి పూర్తిగా ఎదురుగా స్కాట్లండ్‌లోని స్కాట్స్ భాష వికీపీడియా అనుభవం ఉంది. అక్కడి వేల వ్యాసాలు ఆ భాష రాని ఒకే వాడుకరి రాసినవని 2020లో బయటపడింది. మంచి మనసుతో చేసిన పనే అయినా జరిగింది నష్టం. భాష గురించి రాయడానికి మూలాలు చదవగలిగితే చాలు, భాషలో రాయాలంటే ఆ భాష రావాలి. అనువాద పరికరం చేతికందింది కదా అని రాని భాషలో రాయడానికి దిగొద్దు.

మిగతావి చకచకా చెబుతాను. ఫోనులో చిన్న దిద్దుబాట్లకు ఇబ్బంది లేదు, సమాచారపెట్టె మూసలు (దాన్ని తయారుచేసే అచ్చులు) మార్చాలంటే కంప్యూటరే నయం. మనం ఎంచుకున్న పేజీల్లో ఏ మార్పు జరిగినా చూపించే వీక్షణ జాబితా ఈ పనికి ప్రాణం. పెద్దగా ఎవరూ చూడని పేజీల్లో తప్పు దూరితే ఏళ్లు ఉండిపోతుంది కాబట్టి కాపలా మనదే. ప్రతి దిద్దుబాటూ పేజీ చరిత్రలో ఉంటుంది గనుక నా గదబ తప్పు కూడా ఇప్పటికీ అక్కడ చూడొచ్చు. అలా ఉండటం నాకిష్టమే.

గుతోబ్ పేజీలో సంఖ్య గడి ఖాళీగా వదిలేశాను. కిందటి నెల ఎవరో కొత్త వాడుకరి దాన్ని నింపారు, మూలం కూడా ఇచ్చారు. తెరిచి చూస్తే అదే 2011 జనగణన, అదే ఉమ్మడి పద్దు. అంకె తీసేసి, వారి చర్చా పేజీలో కారణం వివరంగా రాసి, మీ దగ్గర గుతోబ్‌కు విడిగా చేసిన సర్వే ఏదైనా ఉంటే చెప్పండి అని అడిగాను. వెతుకుతున్నానని నిన్న జవాబిచ్చారు.