రెండు టీలు, ఒకటే ఎల్: కోఠిలో జెర్సీ ప్రింట్ చేయించుకున్న కథ

ముందే చెప్పేస్తున్నా. ప్రింట్ బాగుంది, రేటు న్యాయంగా ఉంది, స్పెల్లింగ్ మాత్రం దేవుడి దయ. ఐదుకి మూడున్నర. షాపు పేరు రాయను, ఎందుకంటే కింద కొంచెం తిట్టబోతున్నా. కోఠి నుంచి సుల్తాన్ బజార్ వైపు నడుస్తుంటే ఒక ఇరుకు సందులో ఉంటుంది, ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాడు మెట్ల మీదే ఆగాలి.

ఎందుకు వెళ్లానంటే, మా బావ కోసం. ప్రతి ఆదివారం పొద్దున్నే గచ్చిబౌలి దగ్గర టర్ఫ్ బుక్ చేసుకుని ఆడతాం, బావ మాకు మిడ్‌ఫీల్డ్. పోయినేడు మోకాలి లిగమెంట్ తెగింది, ఆపరేషన్ అయింది, డాక్టర్ ఇక ఫుట్‌బాల్ మానేయమన్నాడు. మానేశాడా అంటే మానేశాడు, కానీ ఇంట్లో కూర్చోలేక నెట్ బయట చేతులు కట్టుకుని నిలబడి మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టాడు, పైగా ఒక కనుబొమ్మ పైకి లేపి. ఆ కనుబొమ్మ చూసే మావాళ్లు ఆంచెలొట్టి అని పేరు పెట్టారు, అలాగే కనుబొమ్మ లేపే ఇటలీ ఫుట్‌బాల్ కోచ్ పేరు. పుట్టినరోజుకి ఆ పేరుతో ఆయన ఒకప్పుడు ఆడిన ఇటలీ క్లబ్ మిలాన్ పాత ఎరుపు నలుపు చారల జెర్సీ చేయిద్దామని అందరం తలా వంద వేసుకున్నాం.

పోలిక కనుబొమ్మ దగ్గరే ఆగదు. కార్లో ఆంచెలొట్టిని ఇప్పటి పిల్లలు సూటు వేసుకుని చూయింగ్ గమ్ నమిలే పెద్దాయనగానే ఎరుగుదురు కానీ ఆయన కూడా మిడ్‌ఫీల్డరే, ఆయన్నీ మోకాళ్లే ఏడిపించాయి. రోమ్ నగరపు క్లబ్ రోమాకి ఆడేటప్పుడు గాయంతో 1982 ప్రపంచకప్‌కి దూరమయ్యాడు, ఆ కప్పు ఇటలీ గెలిచింది. 1983లో రోమాతో ఇటలీ లీగ్ గెలిచాడు, మరుసటి ఏడాది యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు, ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్ టీమ్ సొంత ఊరి స్టేడియంలోనే పడితే మళ్లీ గాయం, లివర్‌పూల్ చేతిలో పెనాల్టీల్లో తన టీమ్ ఓడిపోతుంటే బయట కూర్చోవాల్సి వచ్చింది. అలాంటివాడిని 1987లో కోచ్ అరిగో సాకీ మిలాన్‌కి తెచ్చుకున్నాడు. 1989 యూరోపియన్ కప్ సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ని 5-0తో చితక్కొట్టిన మ్యాచ్‌లో మొదటి గోల్ ఈయనదే, దూరం నుంచి కొట్టాడు, దొరికితే ఒకసారి చూడండి. ఆ ఏడాదీ, 1990లోనూ కప్పు మిలాన్‌దే. 1992లో ముప్ఫై మూడు నిండకుండానే ఆట ఆపేశాడు. మా బావకి కూడా సరిగ్గా అదే వయసు, దానికి మించి పోలికలు అడక్కండి.

సరే షాపు. కౌంటర్లో చాచా ఉంటారు, డెబ్బై దాటి ఉంటాయి, ముక్కు మీద కళ్లద్దాలు. మెషిన్ దగ్గర ఒక కుర్రాడు. జెర్సీ వాళ్ల దగ్గరే తీసుకున్నా, 380, బట్ట మామూలు పాలిస్టరే, కాలర్ కుట్టు మాత్రం గట్టిగా ఉంది. పేరూ నంబరూ కలిపి 220. ఆన్‌లైన్లో ఇదే పనికి డబుల్ చూపించింది, పైగా వారం ఆగాలి.

"నంబర్ ఎంత బేటా?" అన్నారు చాచా. ఇక్కడ నేను ఇరుక్కున్నా. ఆంచెలొట్టి ఆడిన రోజుల్లో ఇటలీ లీగ్‌లో ఆటగాడికి సొంత నంబర్ ఉండేది కాదు, ఆ రోజు మొదట దిగే పదకొండు మందికి ఒకటి నుంచి పదకొండు పంచేవాళ్లు, వీపు మీద పేరు కూడా ఉండేది కాదు. పేరూ, స్థిరమైన నంబరూ అక్కడ 1995-96 సీజన్ నుంచి వచ్చాయి, అప్పటికి ఈయన రెజానా అనే చిన్న టీమ్‌కి కోచ్. అంటే నేను చేయించుకునే జెర్సీ అసలు ఏనాడూ లేని జెర్సీ. ఇదంతా చెబితే చాచా ఓపిగ్గా విని, "అయితే 8 వేసుకో, మిడ్‌ఫీల్డ్ కదా" అన్నారు. అంతే, తేలిపోయింది.

కుర్రాడి పని చూడటం నాకు భలే నచ్చింది. కంప్యూటర్లో అక్షరాలు కొడితే మెషిన్ తెల్ల రబ్బరు షీటుని గీసేస్తుంది, తర్వాత సూదిమొన లాంటి చిమటాతో అక్షరాల చుట్టూ ఉన్న అనవసరపు షీటుని మెల్లగా పీకుతాడు, "ఓ" మధ్యలో ఉండే చిన్న ముక్కతో సహా. తర్వాత జెర్సీని మడిచి వీపు సరిగ్గా మధ్యకొచ్చేలా వేలితో కొలిచి (స్కేలు పక్కనే ఉంది, ముట్టుకోలేదు) పైన కాగితం వేసి హీట్ ప్రెస్ దించాడు. పాలిస్టర్ మీద వేడి ఎక్కువైతే మెరుపు మచ్చ పడుతుంది, అందుకే పదిహేను సెకన్లకే ఎత్తేస్తాడట. తీసి చూపించాడు. ఎంత నీటుగా ఉందో, అంత తప్పుగా ఉంది. ఆంచెలొట్టికి ఇంగ్లీషులో ఒక ఎల్, రెండు టీలు ఉండాలి, ఇక్కడ రెండు ఎల్‌లు, ఒక టీ.

నేను ఫోన్లో మెసేజ్ పెట్టింది కరెక్టే, కుర్రాడు దాన్ని చూడకుండా నోటితో చెప్పింది విని కొట్టాడు. "ఎవరు చూస్తారు అన్నా" అన్నాడు చూడండి, అక్కడ నాకు కాలింది. చూసేది మా బావ, వాడు బియ్యంలో రాయి కూడా లెక్కపెట్టే రకం. గొడవ పడదామనుకునేలోపే చాచా కుర్రాడి నెత్తి మీద ఒక్కటిచ్చి, డబ్బులేం వద్దు, తీసి మళ్లీ వేస్తాం, గంట ఆగు అన్నారు. ఇరానీ చాయ్ కూడా తెప్పించారు.

ఆ గంటే ఈ రివ్యూలో ఎక్కువ మార్కులకి కారణం. చాచాకి ఫుట్‌బాల్ బాగా తెలుసు. వాళ్ల నాన్న హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆడుతుంటే ఎక్కడ మ్యాచ్ ఉంటే అక్కడికి వెళ్లేవారట, రహీం సాబ్ పేరెత్తితే ఆయన గొంతే మారిపోయింది. సయ్యద్ అబ్దుల్ రహీం మన ఊరివాడు, బడిపంతులు, ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారం గెలిచింది. "మీ ఇటలీవాడు అంత గొప్పవాడా?" అని చాచా సవాలు. ఛాంపియన్స్ లీగ్ కోచ్‌గా ఐదుసార్లు అన్నాను, మిలాన్‌తో 2003, 2007, మాడ్రిడ్‌తో 2014, 2022, 2024. ఇటలీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్, ఐదు దేశాల లీగులూ గెలిచిన కోచ్ ఆయనొక్కడే అన్నాను. చాచా తలూపలేదు.

కప్పుల లెక్క కాదు, బాజియో కథ చెబితే మెత్తబడ్డారు. ఇటలీ క్లబ్ పార్మాలో కోచ్‌గా ఉన్నప్పుడు ఆంచెలొట్టి గురువు సాకీ నేర్పిన 4-4-2 అమరిక (డిఫెన్స్‌లో నలుగురు, మిడ్‌ఫీల్డ్‌లో నలుగురు, ముందు ఇద్దరు) పట్టుకుని కూర్చున్నాడు, అందులో ఇమడడని ఇటలీ స్టార్ రాబెర్టో బాజియో అంతటివాణ్ణి వద్దనుకున్నాడు. తర్వాత అది తప్పేనని తనే ఒప్పుకున్నాడు. మిలాన్‌కి వచ్చాక పద్ధతి తిరగబడింది. మిడ్‌ఫీల్డర్ పిర్లోని డిఫెన్స్ ముందుకి దించి ఆటంతా అక్కణ్ణుంచి నడిపించాడు, ముందు రుయి కోస్టా, రివాల్డో, తర్వాత కాకా, ఎవరున్నారో చూసి వాళ్లకి తగ్గట్టు టీమ్ కుట్టాడు. మధ్యలో 2005 ఇస్తాంబుల్ ఉంది, సగం ఆటకి 3-0తో ముందుండి లివర్‌పూల్‌కి కప్పు ఇచ్చేసిన రాత్రి, రెండేళ్లకి ఏథెన్స్‌లో అదే లివర్‌పూల్‌ని 2-1తో ఓడించాడు. 2025 నుంచి బ్రెజిల్ కోచ్. 1994 ప్రపంచకప్ ఫైనల్లో ఇటలీ బ్రెజిల్ చేతిలో ఓడినప్పుడు ఆ బెంచీ మీద సాకీ పక్కన అసిస్టెంట్‌గా కూర్చున్నది ఈయనే, ఇది చెప్పాక చాచా "వాహ్" అన్నారు.

గంట అన్నది గంటన్నర అయింది. మందేదో పూసి పాత అక్షరాలు పీకేశారు, కొత్తవి సరిగ్గా వేశారు, ఈసారి చాచా స్వయంగా ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివారు. ఆరు ఉతుకులు అయ్యాయి, పేరు చెక్కుచెదరలేదు, 8 కింద అంచు మాత్రం గోరంత లేచింది. ఫ్లడ్‌లైట్ వెలుతురులో వాలుగా చూస్తే పాత ఎల్ జాడ ఇంకా కనిపిస్తుంది. బావ మొదటి రోజే కనిపెట్టాడు.

వెళ్లేవాళ్లకి: పేరు పెద్దక్షరాల్లో కాగితం మీద రాసి ఇవ్వండి, ప్రెస్ దించేముందు స్క్రీన్ మీద మీరే చదవండి. తిరగేసి చన్నీళ్లలో ఉతకండి, ప్రింట్ మీద ఇస్త్రీ పెట్టొద్దు. శుక్రవారం మధ్యాహ్నం షాపు మూస్తారు. చాచా ఉన్నప్పుడే వెళ్లండి, బండి మాత్రం ఎక్కడైనా దూరంగా పెట్టుకుని నడవండి.