మామిడి పల్ప్ సీజన్, నిండిపోయిన ఇన్‌బాక్స్: జీమెయిల్ మీద నా రివ్యూ

ఇన్‌బాక్స్ నిండిపోయిందని నెలనెలా డబ్బులు కట్టి ఇంకో యాప్ వేసుకోవాల్సిన పని లేదు, జీమెయిల్లో ఆల్రెడీ ఉండే ఫిల్టర్లు, సెర్చ్, ఈ రెండూ శ్రద్ధగా వాడితే చాలు. నా రివ్యూలో అసలు మాట ఇదే, మిగతాదంతా ఎందుకు ఇట్ల అంటున్నానో చెప్పడమే.

నేను చిత్తూరులో మామిడి పల్ప్ ఎక్స్‌పోర్ట్ చేసే ఒక యూనిట్లో డాక్యుమెంటేషన్ చూస్తా. మామూలు రోజుల్లో మెయిళ్లు పెద్ద సమస్యే కాదు. జూన్ వచ్చి తోతాపురి లోడ్లు గేటు ముందర క్యూ కట్టినాయంటే ఇంగ మెయిల్ బాక్స్ కూడా అట్లనే అయిపోతుంది. ఒక్క కంటైనర్ తీసుకోండి, 20 అడుగుల దాంట్లో సుమారు 80 డ్రమ్ములు పడతాయి, ఆ ఒక్కదానికే షిప్పింగ్ లైన్ నుంచి బుకింగ్ కన్ఫర్మేషన్, సీహెచ్‌ఏ (కస్టమ్స్ పని చూసే ఏజెంటు) నుంచి షిప్పింగ్ బిల్లు చెక్‌లిస్ట్, ల్యాబ్ నుంచి బ్రిక్స్ (అంటే తీపి కొలత), ఆసిడిటీ రిపోర్టు, బరువు తూచిన వీజీఎం కాయితం (2016 జులై నుంచి అది లేకుండా కంటైనర్‌ని ఓడ ఎక్కించరు), డ్రాఫ్ట్ బీఎల్ (ఓడ వాళ్లు సరుకుకి ఇచ్చే రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్), దానికి కరెక్షన్, ఆ కరెక్షన్‌కి మళ్లీ కరెక్షన్, మధ్యలో కొనేవాళ్ల దగ్గర్నుంచి సరుకు ఎప్పుడు బయల్దేరుతుందని రిమైండర్లు. వీటి నడుమ పర్సనల్ లోన్ ఇస్తామనేవాళ్లు, షాపింగ్ డిస్కౌంట్లు, ఎప్పుడో ఒక వెబినార్‌కి పేరు ఇస్తే ఇప్పటికీ వదలని కోర్సులోళ్లు. చెన్నై పోర్టు గేట్ కటాఫ్ టైమ్, అంటే కంటైనర్‌ని లోపలికి తీసుకునే ఆఖరు టైమ్, మారిందని వచ్చే నాలుగు లైన్ల మెయిల్ వీటన్నిటి కింద పడిపోతే కంటైనర్‌కి ఆ ఓడ తప్పిపోతుంది, పైన రోజుకింత అని చార్జీలు పడతాయి. అందుకే ఈ విషయం మీద నాకింత పట్టింపు.

జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న 1 జీబీ స్థలంతో వచ్చింది, అప్పట్లో అంత ఫ్రీగా ఇస్తామంటే ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారేమో అనుకున్నోళ్లు ఉన్నారు. దాని ఆలోచనే వేరు, మెయిల్ తీసేయొద్దు, దాచిపెట్టి కావాల్సినప్పుడు వెతుక్కో అని. మనవాళ్లు చాలామంది దీన్ని పాత పద్ధతిలో వాడతారు, కుడివైపు గీత గీసుకున్న రిజిస్టర్ లాగా ఇన్‌బాక్స్‌లో అన్నీ వరసగా ఉంచేసి కిందకి జరుపుకుంటా పోతారు, చదివేసిన మెయిల్‌ని ఆర్కైవ్ కొట్టాలంటే, అంటే ఇన్‌బాక్స్ నుంచి పక్కకి తీసి దాచాలంటే, పోతుందేమో అని భయం. ఆర్కైవ్ కొడితే ఏం పోదు, ఆల్ మెయిల్‌లో భద్రంగా ఉంటుంది, దానికి ఎవరైనా రిప్లై ఇస్తే తనంతట తనే మళ్లీ ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది. అట్ల రావడం కూడా వద్దు, పదిమందిని పెట్టి "నోటెడ్", "థాంక్స్" అని కొట్టుకునే మెయిల్ అనుకోండి, మ్యూట్ కొట్టేయండి, ఇంగ అది పైకి రాదు.

ఇప్పుడు ఫిల్టర్ల సంగతి, నాకు బాగా నచ్చింది ఇదే. పల్ప్ ఫ్యాక్టరీ చూసినోళ్లకి తెలుసు, బెల్టు మీద కాయలు పోతా ఉంటే పక్కన నిలబడిన ఆడోళ్లు మచ్చ కాయ, పచ్చి కాయ చేత్తో ఏరేస్తా ఉంటారు, మంచి కాయ ఒక్కటే ముందుకి పోతుంది. ఫిల్టర్ చేసేది అచ్చం ఆ పనే, కాకపోతే ఒక్కసారి చెప్తే చాలు, రాత్రి మీరు నిద్రపోతున్నా ఏరుతూనే ఉంటుంది.

నేను పెట్టినవాటిలో ముఖ్యమైంది కటాఫ్ ఫిల్టర్. షిప్పింగ్ లైన్ వాళ్లవి రిప్లై ఇవ్వడానికి లేని ఆటోమేటిక్ అడ్రస్ నుంచి వస్తాయి, ఆ అడ్రస్ ఫ్రమ్ బాక్సులో, సబ్జెక్టులో కటాఫ్ అనే పదం పెట్టి, కింద వచ్చే ఆప్షన్లలో స్టార్ పెట్టు, "కటాఫ్" అనే లేబుల్ తగిలించు, స్పామ్‌లోకి ఎప్పటికీ పంపొద్దు, ఈ మూడూ టిక్ చేశాను. స్పామ్ టిక్ మాత్రం మర్చిపోవద్దండీ, స్పామ్‌లో పడిన మెయిల్ 30 రోజులకి దానంతట అదే పోతుంది, అది చాలామందికి తెలియదు. ల్యాబ్ రిపోర్టులకి ఒక లేబుల్, ఒక్కో కొనేవాళ్లకి ఒక లేబుల్. లేబుల్ గొప్పతనం ఏంటంటే ఒకే మెయిల్‌కి రెండు మూడు తగిలించొచ్చు, ల్యాబ్ రిపోర్టు ల్యాబ్ కింద కనిపిస్తుంది, ఆ కొనేవాళ్ల పేరు కింద కూడా కనిపిస్తుంది, ఫోల్డర్ అయితే ఏదో ఒకదాంట్లోనే పెట్టాల. బ్యాంకు అలర్ట్లు, కొరియర్ ట్రాకింగ్ లాంటివి ఇన్‌బాక్స్‌లోకే రానీకుండా స్కిప్ ఇన్‌బాక్స్ కొట్టి నేరుగా వాటి లేబుల్లోకి తోసేశా, కావాలంటే పోయి చూసుకుంటా.

బ్యాంక్ అకౌంట్ మార్పు గురించి వచ్చే మెయిళ్లకి ఎర్ర రంగు లేబుల్ వేరే. మన లైన్లో ఉన్నోళ్లకి తెలిసిందే, కొనేవాళ్లో సరుకు ఇచ్చేవాళ్లో రాసినట్టే ఒక అక్షరం తేడాతో అడ్రస్ పెట్టి, ఇక మీదట డబ్బులు ఈ కొత్త అకౌంట్‌కి వేయండి అని దొంగ మెయిళ్లు వస్తాయి. ఇన్‌బాక్స్ కిక్కిరిసి ఉన్నప్పుడే ఇట్లాంటివి పని చేస్తాయి, ఎందుకంటే అడ్రస్ పూర్తిగా చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఎర్ర లేబుల్ కనిపిస్తే ముందు ఫోన్ చేసి గొంతు విని కనుక్కోవడం, ఆ తర్వాతే పని. డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.

ఫిల్టర్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. "ఇన్‌వాయిస్" అనే పదం ఒక్కటే పెట్టి చేస్తే అమ్మేవాళ్ల బిల్లులు, కొనేవాళ్ల ప్రశ్నలు అన్నీ కలిపి దాంట్లోకే పోతాయి. సెర్చ్ బార్ కుడి చివర గీతల్లాంటి గుర్తు నొక్కి వివరాలు నింపినాక, క్రియేట్ ఫిల్టర్ నొక్కే ముందు పక్కనే ఉన్న సెర్చ్ నొక్కి చూడండి, ఏ మెయిళ్లు వస్తాయో కళ్లతో చూసుకుని అప్పుడు ఓకే చేయండి. పాత మెయిళ్లకి కూడా వర్తించాలంటే అక్కడే ఇంకో టిక్ ఉంటుంది. ఇదంతా కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి చేయాల, ఫోన్ యాప్‌లో ఫిల్టర్ పెట్టే వీలు లేదు. ఫోన్ మీదే బతికే చిన్న వ్యాపారస్తులకి ఇది పెద్ద లోటు, నేను ఒక స్టార్ తగ్గించేది దీనికే.

ఫోన్‌లో చేయదగ్గది మాత్రం ఒకటుంది, ఆండ్రాయిడ్ వాళ్లు తప్పకుండా చేసుకోండి. యాప్ సెట్టింగ్స్‌లో మేనేజ్ లేబుల్స్‌లోకి పోయి, కావాల్సిన లేబుల్‌కి ముందు సింక్ ఆన్ చేసి, తర్వాత నోటిఫికేషన్ దానికొక్కదానికే పెట్టుకోవచ్చు. నాకు ఫోన్ మోగేది కటాఫ్ లేబుల్‌కి, ఎర్ర లేబుల్‌కి మాత్రమే. సాయంత్రం ఇంటికి పోయినాక ఫోన్ మోగిందంటే అది నిజంగా చూడాల్సిందే అని నమ్మకం, ఆ నమ్మకం విలువ ఇంత అని చెప్పలేను.

సెర్చ్ బ్రహ్మాండం, కానీ దాని పద్ధతి తెలుసుకోవాల. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లోడు ఒకరోజు "అక్కా, ఆ కంటైనర్ మెయిల్ యాడుందో, ఎంత వెతికినా రాలా" అన్నాడు, చూస్తే కంటైనర్ నంబర్లో చివరి నాలుగు అంకెలు కొట్టి వెతుకుతున్నాడు. "తమ్ముడూ, అది సగం పదానికి పలకదు, మొత్తం కొట్టు" అన్నా. కంటైనర్ నంబర్ అంటే నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. షిప్పింగ్ లైన్ వాళ్లు రెండూ కలిపి రాస్తారు, సీహెచ్‌ఏ వాళ్లు అక్షరాల తర్వాత గ్యాప్ ఇస్తారు, జీమెయిల్‌కి ఈ రెండూ వేర్వేరు. అందుకని రెండు రకాలుగానూ కొట్టి మధ్యలో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో OR అని పెట్టి వెతికితే ఒక్కటీ తప్పదు. మా ఆఫీసులో ఇప్పుడు సబ్జెక్ట్ లైన్లో నంబర్ ఎప్పుడూ కలిపే రాయాలని అందరికీ చెప్పుకున్నాం.

ఇంకో చిక్కు, ఒకే సబ్జెక్టు మెయిళ్లన్నీ ఒక కట్టగా కనిపించే కన్వర్సేషన్ వ్యూ. కొనేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది, పోయిన సంవత్సరం ఆర్డర్ మెయిల్ తీసి దానికే రిప్లై కొట్టి కొత్త ఆర్డర్ పెడతారు. అప్పుడు పాత కంటైనర్, కొత్త కంటైనర్ ఒకే కట్టలో కలిసిపోయి ఏ డ్రాఫ్ట్ బీఎల్ దేనిదో అర్థం కాదు. సబ్జెక్టు మార్చి రిప్లై ఇస్తే కొత్త కట్ట మొదలవుతుంది, కొత్త ఆర్డర్ రాగానే నేను చేసే మొదటి పని అదే. అస్సలు నచ్చకపోతే సెట్టింగ్స్‌లో కన్వర్సేషన్ వ్యూ ఆఫ్ చేసుకోవచ్చు. అక్కడే అన్‌డూ సెండ్ కూడా చూడండి, మామూలుగా 5 సెకన్లు ఉంటుంది, 30కి పెంచుకోండి, ఒకరి ఇన్‌వాయిస్ ఇంకొకరికి పోకుండా అది చాలాసార్లు కాపాడుతుంది.

ప్రమోషన్ మెయిళ్ల గోల ఈ మధ్య బాగా తగ్గింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ రూల్ పెట్టింది, జీమెయిల్ అకౌంట్లకి రోజుకి 5000 పైన మెయిళ్లు పంపే కంపెనీలు ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే ఏర్పాటు పెట్టాల, అడిగినాక రెండు రోజుల్లో ఆపాల. 2025లో మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ అని ఎడమవైపు మెనూలో వచ్చింది, ఎవరు ఎక్కువ పంపుతున్నారో వాళ్లే పైన కనిపిస్తారు, పేరు పక్కన నొక్కితే అయిపోయింది. ఎవరో ఊరూ పేరూ తెలియనోళ్ల మెయిల్లో కింద ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు మాత్రం నొక్కొద్దు, దాన్ని స్పామ్ అని రిపోర్ట్ కొట్టండి, నొక్కితే ఈ అడ్రస్‌లో మనిషి ఉన్నాడని వాళ్లకి తెలిసిపోతుంది.

ఇన్‌బాక్స్ క్లీన్ చేస్తామనే బయటి యాప్‌ల గురించి గట్టిగానే చెప్తా. వాటికి పర్మిషన్ ఇచ్చామంటే మన మెయిళ్లన్నీ చదివే తాళం ఇచ్చేసినట్టే. అన్‌రోల్.మీ అనే ఫ్రీ సర్వీసు సంగతి 2017లో బయటపడింది, జనాల మెయిళ్లలో ఉండే బిల్లుల నుంచి తీసిన డేటాని, పేర్లు తీసేసి, దాని మాతృ సంస్థ అమ్ముకుంటోందని. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్ల మీద చర్య కూడా తీసుకుంది. మన మెయిళ్లలో కొనేవాళ్ల పేర్లు, టన్ను రేట్లు, బ్యాంకు వివరాలు ఉంటాయి, అవి ఎవరి చేతికో ఎందుకియ్యాల? ఇప్పటికే ఏవైనా యాప్‌లకి ఇచ్చి ఉంటే గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో థర్డ్ పార్టీ కనెక్షన్స్ చూసి తీసేయండి.

స్థలం విషయం. ఫ్రీ అకౌంట్‌కి 15 జీబీ ఉంటుంది, కానీ అది మెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫొటోలకి అన్నిటికీ కలిపి. లోడింగ్ టైమ్‌లో డ్రమ్ముల ఫొటోలు, సీల్ ఫొటోలు, వీడియోలు అదే అకౌంట్‌లో ఎక్కుతుంటాయి కదా, సీజన్ నడిమధ్యలో నిండిపోతే ఇంగ మెయిళ్లు రావు, మనం పంపలేం. మే నెలలోనే ఖాళీ చేసుకోవాల. సెర్చ్‌లో ఇంగ్లీషులో లార్జర్ అని కొట్టి, కోలన్ పెట్టి, గ్యాప్ లేకుండా 10ఎం అని కొడితే 10 ఎంబీ దాటినవన్నీ వస్తాయి, కావాల్సిన అటాచ్‌మెంట్లు హార్డ్ డిస్క్‌లోకి దించుకుని మిగతావి తీసేయండి. ట్రాష్ కూడా ఖాళీ చేస్తేనే స్థలం తిరిగొస్తుంది, లేకపోతే 30 రోజులు ఆగాల.

అవుట్‌లుక్‌లో స్వీప్ అని ఒకటుంది, ఒకరి దగ్గర్నుంచి వచ్చినవాటిలో లేటెస్ట్ మెయిల్ ఒక్కటే ఉంచి మిగతావి తీసెయ్యమని, లేదా 10 రోజులు దాటినవి తీసెయ్యమని చెప్పొచ్చు. రోజూ వచ్చే మార్కెట్ రేట్ల మెయిళ్లకి అది ఎంత పనికొస్తుందో. జీమెయిల్లో అట్లాంటిది లేదు, పెట్టాల. మొత్తమ్మీద అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తా, ఫోన్‌లో ఫిల్టర్లు వచ్చిన రోజు అయిదోది కూడా ఇచ్చేస్తా.

చివరగా, ఇక్కడి యూనిట్లలో డాక్యుమెంటేషన్ చూసేవాళ్ల కోసం. సెట్టింగ్స్‌లో ఫిల్టర్ల పేజీ అడుగున ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, మీరు పెట్టిన ఫిల్టర్లన్నీ ఒక ఫైల్‌గా దిగుతాయి, ఇంకో అకౌంట్‌లో ఇంపోర్ట్ కొడితే అన్నీ అక్కడికి వచ్చేస్తాయి. మా ఆఫీసులో ఆ ఫైల్ షేర్డ్ డ్రైవ్‌లో పెట్టుకున్నాం, సీజన్‌కి కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే ఎక్కించేస్తాం, ఆ రోజు నుంచే కటాఫ్ మెయిల్ వాళ్లకీ స్టార్‌తోనే వస్తుంది.