మొగిలి ఘాట్, 34 పళ్ల గేరు: నాలుగేళ్ల అనుభవం

మా చిత్తూరు నుంచి పలమనేరుకు దాదాపు నలభై కిలోమీటర్లు. బంగారుపాళ్యం దాకా ఒక లెక్క, మొగిలి ఘాట్ మొదలయ్యాక మరో లెక్క. పలమనేరు మా ఊరికంటే 300 మీటర్లకు పైగా ఎత్తున ఉందన్న సంగతి సైకిల్ తొక్కే కాళ్లకు తెలిసేది అక్కడే.

2021లో నా సైకిల్‌కు వెనుక ఉన్న 11–28 కేసెట్ (11 నుంచి 28 పళ్ల దాకా ఉన్న పళ్లచక్రాల గుత్తి) తీయించి 11–34 వేయించాను. ముందు పెడల్ దగ్గరున్న 50, 34 పళ్ల చక్రాలను మార్చలేదు. ఇప్పటికి పద్నాలుగు వేల కిలోమీటర్లు తొక్కాను.

తేడా ముందుగా తెలిసింది మోకాలికే. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు పాత గేరులో పెడల్ నిమిషానికి 51 సార్లు తిరిగేది. ప్రతి తొక్కుకూ ఒంటి బరువంతా మోపాల్సి వచ్చేది. సాయంత్రానికి మోకాలి చిప్ప కింద సలపరం. ఇప్పుడు అదే వేగానికి 62 సార్లు తిరుగుతోంది. ముందూ వెనుకా 34 పళ్లే కాబట్టి పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ వెనుక చక్రమూ ఒకే చుట్టు. వేగం పెరగలేదు, పెరుగుతుందని కొనవద్దు. పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్లు ముగించాల్సిన బ్రెవే అనే దూరపు సైకిల్ సవారీలో, ఘాట్ ఎక్కేశాక కూడా కాళ్లలో సత్తువ మిగలడమే నాకు దక్కిన లాభం.

జూన్‌లో ఆ దారి నిండా తోతాపురి మామిడి ట్రాక్టర్లే. ఒకసారి మలుపులో ఒక ట్రాక్టరూ నేనూ ఒకే వేగంతో పక్కపక్కనే ఎక్కాం. పైన కూర్చున్న కుర్రాడు "అన్నా, వెనుక పట్టుకో, లాక్కెళ్తాం" అన్నాడు. వద్దని చెయ్యి ఊపాను. సీటు మీద నుంచి లేవకుండా, మామిడిపండ్ల వాసన పీలుస్తూ పైకి చేరాను. పాత గేరుతో ఆ మలుపులో ఎన్నిసార్లు దిగి నడిచానో!

బిగింపు విషయంలో జాగ్రత్త. నాకు మొదట బిగించిన దుకాణంలో చైను పొడవు పెంచలేదు. ముందూ వెనుకా పెద్ద పళ్లచక్రాల మీదికి రాగానే చైను వీణ తీగలా బిగుసుకుంది, డిరైల్యర్ (చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి మార్చే భాగం) ముందుకు సాగి వంగిపోయింది. ఈ కొలతలకు ముందు 16 (50–34), వెనుక 23 (34–11), మొత్తం 39 పళ్ల తేడాను సర్దగలిగే పొడవాటి డిరైల్యర్ కావాలి. అది కొత్తది కొని, పొడవైన చైను వేయించాకే కుదుటపడింది. ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

లోపం ఒకటుంది. పాత కేసెట్‌లో 13, 14, 15 పళ్ల చక్రాలు వరుసగా ఉండేవి. ఇందులో 13 తర్వాత నేరుగా 15. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వైపు చదునైన రోడ్డు మీద ఎదురుగాలి వీచినప్పుడు ఆ 14 కోసం వేలు తడుముకుంటుంది. ఒక గేరు బరువు, పక్కది మరీ తేలిక.

అందుకే పాత కేసెట్‌ను పారేయలేదు. విడిగా ఉన్న మరో వెనుక చక్రానికి బిగించి ఉంచాను. కొండ లేని ఆదివారాల్లో అదే వేసుకుని వెళ్తాను. పలమనేరు, భాకరాపేట ఘాట్ దారులకు మాత్రం 34 తప్ప మరొకటి తొడగను.