సీసీ కెమెరాలు కొనేవాళ్ళు జాగ్రత్త: ప్లగిన్ అడిగే డీవీఆర్ తీసుకోకండి

బెంగళూరులో ఇంటికో, పీజీకో కెమెరాలు పెట్టిద్దామనుకునే మనవాళ్ళకి ఈ హెచ్చరిక. "మొబైల్‌లో ఎక్కణ్ణుంచైనా చూసుకోవచ్చు సార్" అన్న మాట ఒక్కటీ నమ్మి డబ్బు కట్టేయకండి.

మారతహళ్ళిలో మా అక్కవాళ్ళ లేడీస్ పీజీకి ఎస్పీ రోడ్డులో కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే పెట్టె డీవీఆర్ తీసుకున్నాం. షాపులో టీవీకి కలిపి చూపిస్తే బొమ్మ అద్దంలా ఉంది. బిగించాక ఫోన్లో క్రోమ్ తెరిచి డీవీఆర్ అడ్రస్ కొట్టాను. లాగిన్ పేజీ వచ్చింది, పాస్‌వర్డూ తీసుకుంది. బొమ్మ రావాల్సిన చోట మాత్రం నల్లటి గడి, మధ్యలో ప్లగిన్ (బ్రౌజర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) డౌన్‌లోడ్ చేసుకోమని లింకు. నొక్కితే దిగింది ఫోన్లో పనిచేయని విండోస్ ఈఎక్స్‌ఈ ఫైలు! అక్క ఐఫోన్లోనూ అదే కథ.

అది మైక్రోసాఫ్ట్ పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (ఐఈ) కోసం చేసిన యాక్టివ్‌ఎక్స్ రకం ప్లగిన్. ఆ బ్రౌజర్‌కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లోనే మంగళం పాడింది. ల్యాప్‌టాప్‌లో ఎడ్జ్ బ్రౌజర్‌ని పాత ఐఈలా నడిపించే ఐఈ మోడ్‌తో ఎలాగో నెట్టుకురావచ్చు, ఫోన్లో ఆ దారీ లేదు. ఆండ్రాయిడ్ క్రోమ్ గానీ ఐఫోన్ సఫారీ గానీ ఇలాంటి ప్లగిన్లని ఏనాడూ రానివ్వలేదు. అంత పేరున్న వీడియో ప్లగిన్ ఫ్లాషే ఫోన్లలో నిలవలేక 2011లో చేతులెత్తేసింది. ప్లగిన్ లేకుండా బ్రౌజర్లోనే వీడియో ఆడించే హెచ్‌టీఎమ్‌ఎల్5 2014లోనే ప్రమాణమైంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇలాంటి పెట్టెని "మొబైల్ వ్యూ" అని అమ్మడం అన్యాయం.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. షాపుకి ఫోన్ చేస్తే వాట్సాప్‌లో ఒక ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) పంపారు. ప్లే స్టోర్లో లేని యాప్. తెరవగానే కాంటాక్ట్స్, మెసేజ్‌ల పర్మిషన్ అడిగింది. కెమెరా చూడ్డానికి మెసేజ్‌లెందుకండీ? బ్యాంకు ఓటీపీలు వచ్చే ఫోను, పైగా ఆడపిల్లలుండే పీజీ. వెంటనే తీసేశాం. మీకూ పంపితే అస్సలు వేయకండి. సెట్ వాపసు తీసుకోమంటే "బాక్స్ ఓపెన్ చేశారు కదా" అంటున్నారు, ఇంకా తేలలేదు.

కొనేముందు షాపు వైఫైకి మీ ఫోన్ కలిపి, మీ బ్రౌజర్లోనే తెరిపించండి. ఏదీ డౌన్‌లోడ్ కాకుండా బొమ్మ కదలాలి. వాళ్ళ ఫోన్లో చూపిస్తే ఒప్పుకోకండి, అందులో యాప్ ముందే వేసి ఉంటుంది. వీడియోని కుదించి పంపే పద్ధతుల్లో హెచ్.264 స్ట్రీమ్ పెట్టుకునే వీలుందా అనీ అడగండి. కొత్త పద్ధతి హెచ్.265 అన్ని బ్రౌజర్లలో ఆడదు. ఐపీ (నెట్‌వర్క్‌తో నడిచే) కెమెరాలైతే ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేందుకు పెట్టుకున్న ప్రమాణం) ఉన్నవే చూడండి, రేపు రికార్డర్ మార్చినా కెమెరాలు పనికొస్తాయి.

"ప్లగిన్ లేకుండా మొబైల్ బ్రౌజర్లో లైవ్ వ్యూ" అని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే పక్క షాపుకి వెళ్ళండి.