ఆన్‌లైన్‌లో చామంతి గింజలు కొనేవాళ్లు జాగ్రత్త, నాకు కుండీలో ఏం మొలిచిందో చూడండి

మిద్దెతోట వాళ్లందరికీ నమస్తే అండి. చాంతాడంత ఉంటుంది పోస్ట్, కానీ డబ్బులు పెట్టి గింజలు కొనేవాళ్లు చివరిదాకా చదవండి ప్లీజ్.

సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టుకోడానికి మన కుండీలో పూసిన చిట్టి చామంతులు ఉంటే ఎంత బాగుంటుంది అని ఈసారి బాగా ఆశ పడ్డాను. దసరా అవ్వగానే ఆన్‌లైన్‌లో వెతికితే ఒక ప్యాకెట్ కనపడింది, చిన్న చామంతి, డైసీ మిక్స్, 10 రంగులు, 500 గింజలు, 149 రూపాయలు, 45 రోజుల్లో పూలు గ్యారంటీ అట. ఫోటోలో తెలుపు, పసుపు, గులాబీ, మధ్యలో నీలం కూడా! ఆ నీలం చూసే పడిపోయాను నేను.

నాలుగు రోజుల్లో ఇంటికొచ్చింది. జిప్ కవర్, దాని మీద కలర్ స్టిక్కర్, అంతే. కంపెనీ అడ్రస్ లేదు, లాట్ నంబర్ లేదు, ఎప్పుడు ప్యాక్ చేశారో లేదు, ఎంత శాతం మొలుస్తాయో లేదు. లోపల ఊక లాంటి పొట్టు, అందులో ఆవగింజ కంటే బాగా చిన్నవి నల్లటి గింజలు. చామంతి జాతి గింజలు లేత రంగులో సన్నగా పుల్లముక్కల్లా ఉంటాయని ఆ తర్వాత తెలిసింది, అప్పుడు తెలిస్తే అక్కడే ఆగేదాన్ని.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీ కంపోస్ట్ కలిపి ట్రేలో చల్లాను. పదిహేను రోజులు పోయాక తొమ్మిది మొలకలు. అన్ని గింజలు చల్లితే తొమ్మిదే. పోనీలే తొమ్మిదైనా వచ్చాయి అని వాటికి రాజభోగం చేశాను అండి, వేపపిండి, వారానికోసారి జీవామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే ఎరువు), మధ్యాహ్నం ఎండ తగలకుండా గ్రీన్ నెట్. ఆకులు నేలకి పరుచుకుని చీలికలు చీలికలుగా, అచ్చం చామంతి ఆకులా అనిపించాయి. నెల దాటేసరికి మధ్యలోంచి కాడ లేచి గబగబా పెరిగింది, నూగు నూగుగా, నిలువు గీతలతో. తర్వాత కొసన తెల్లగా బియ్యపు నూకల్లాంటి పూలు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. డైసీ కదా, ఇంకా విచ్చుకుంటాయేమో అని రోజూ పొద్దున్నే కాఫీ పట్టుకుని వెళ్లి చూడటం.

అప్పుడే అమ్మ ఊరి నుంచి వచ్చింది. మేడ మీదకి తీసుకెళ్లి గొప్పగా చూపించాను. ఒక్క నిమిషం నా మొహం వైపు చూసి, "ఏమేవ్, పొలం గట్ల మీద పీకలేక చస్తుంటే నువ్వు వయ్యారిభామని కుండీలో పెట్టి పాలు పోసి పెంచుతున్నావా?" అంది.

అవును అండి, వయ్యారిభామే. కాంగ్రెస్ గడ్డి అంటాం కదా, అదే. 1950లలో అమెరికా గోధుమలతో పాటు మన దేశంలోకి దిగిందంటారు, రైతులు ఇప్పటికీ దాంతో తిప్పలు పడుతూనే ఉన్నారు. అప్పటికే నా రెండు మణికట్ల దగ్గర ఎర్రగా దద్దుర్లు, నేను కొత్త డిష్‌వాష్ వల్లేమో అనుకుంటున్నా! స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్తే ఫీజు, క్రీము కలిపి 900. అంటే 149 రూపాయల ప్యాకెట్‌కి నేను పెట్టింది వెయ్యి పైనే.

మట్టిలోంచో కంపోస్ట్‌లోంచో వచ్చిందేమో అని మీరు అడుగుతారని తెలుసు, మా ఆయన కూడా అదే అన్నారు. అందుకే మిగిలిన గింజలు కొన్ని టీ కప్పులో ఉత్త కోకోపీట్ వేసి మూత పెట్టి చూశాను. రెండు మొలిచాయి. రెండూ అవే ఆకులు.

ఇక కస్టమర్ కేర్ సంగతి. రిటర్న్ టైమ్ 7 రోజులేనట, అయిపోయిందట. గింజ మొలవడానికే పదిహేను రోజులు పడితే ఏడు రోజుల్లో ఏం చూసి తిప్పి పంపాలండీ? రివ్యూలు ఈసారి కళ్లు పెట్టుకుని చదివాను, ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లంతా డెలివరీ ఫాస్ట్, ప్యాకింగ్ సూపర్ అని రాసినవాళ్లే, పువ్వు ఫోటో పెట్టినవాడు ఒక్కడూ లేడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చాను, చూద్దాం. మీరు మాత్రం ప్యాకెట్ విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి, నా దగ్గర అది లేక ఇబ్బంది అయింది.

ఇంకో సంగతి, ఆ నీలం. చామంతిలో అసలు నీలం రంగు సహజంగా లేదు. జపాన్ శాస్త్రవేత్తలు మన శంఖుపువ్వు జీన్ ఒకటి, ఇంకో నీలం పువ్వు జీన్ ఒకటి ఎక్కించి నిజమైన నీలం తెచ్చామని 2017లో చెప్పారు. అలాంటిది నాకు 149కి జిప్ కవర్లో పెట్టి పంపుతారా, నా పిచ్చి గానీ.

అసలు మన ఇళ్లల్లో చామంతిని గింజ వేసి ఎవరు పెంచారు? పూలు అయిపోయాక మొదట్లోంచి వచ్చే పిలకలు తీసి నాటుకోవడమే. అమ్మ చెప్పేది ఏంటంటే జూన్, జులైలో పిలక పెట్టి, ఆకులు ఎదిగాక తలలు తుంచుతూ పోతే గుబురుగా వస్తుంది, రాత్రులు పొడుగయ్యే కాలానికి మొగ్గ వేస్తుంది. అక్టోబర్‌లో గింజ వేస్తే 45 రోజుల్లో పూలు అని వాడు రాసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. బాల్కనీలో రాత్రంతా లైటు వెలిగే చోట కూడా పెట్టకండి, దానికి చీకటి కావాలి, లేకపోతే ఆకులే వస్తాయి మొగ్గ రాదు.

మీ ట్రేలో కూడా ఇలాంటి మొలక ఉంటే ఆకు నలిపి వాసన చూద్దామని మాత్రం అనుకోకండి, ముట్టుకోవద్దు. చామంతి ఆకు మందంగా ఉంటుంది, చీలికలు తక్కువ. ఇది కారట్ ఆకులా సన్నగా చీలి ఉంటుంది. పువ్వు రాకముందే గ్లౌజులు వేసుకుని వేళ్లతో సహా పీకేయండి. పూసిందంటే కంపోస్ట్ డబ్బాలో వేయకండి, ఒక్కో మొక్క వేలల్లో గింజలు రాలుస్తుంది.

నావి తొమ్మిదీ పీకేశాను. కానీ ప్యాకెట్ వచ్చిన రోజు సంతోషం పట్టలేక సగం గింజలు కింద ఫ్లోర్ ఆంటీకి ఇచ్చాను. నిన్న లిఫ్ట్‌లో కనపడి "నువ్విచ్చిన చామంతులు మొగ్గ తొడిగాయమ్మా" అని మురిసిపోయారు. ఇప్పుడు వెళ్లి ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక ఈ పోస్ట్ రాస్తూ కూర్చున్నాను.