ఫెమొరల్ పంక్చర్ మూసే పరికరాలు: ఏది ఎక్కడ మొరాయిస్తుంది

తొడ ధమని గుండా యాంజియోగ్రామ్ చేసినా, స్టెంట్ వేసినా, వాల్వ్ మార్చినా చివరికి మిగిలేది గోడలో ఒక చిల్లు. 6 ఫ్రెంచ్ (గొట్టాల సైజు చెప్పే కొలమానం) షీత్, అంటే ధమనిలోకి దారిగా ఉంచే గొట్టం, లోపలి కొలత 2 మి.మీ. దాని గోడ మందం కూడా కలుస్తుంది కాబట్టి ధమనికి పడే చిల్లు దాదాపు 2.6 మి.మీ. ఉంటుంది. టావీ (ధమని గుండా గుండె వాల్వ్ మార్చడం) షీత్‌లతో అది 6 మి.మీ. దాటుతుంది. చిన్న చిల్లును చేత్తో 15–20 నిమిషాలు నొక్కి ఆపొచ్చు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి ఉంటే మాత్రం ఏసీటీ (రక్తం గడ్డకట్టే సమయం) 180 సెకన్ల లోపుకు దిగేదాకా షీత్ తీయకుండా ఆగాలి. ఆ తర్వాత పేషెంటు 4 నుంచి 6 గంటలు కాలు మడవకుండా పడుకోవాలి. ఈ ఎదురుచూపు తగ్గించడానికే 1990ల మధ్య నుంచి చిల్లు మూసే క్లోజర్ పరికరాలు వాడకంలోకి వచ్చాయి.

కంపెనీల బ్రోషర్లన్నీ రక్తం ఎంత త్వరగా ఆగుతుందో చెబుతాయి. సరిగ్గా పడితే ఏ పరికరమైనా త్వరగానే ఆపుతుంది. ఎంచుకునేటప్పుడు మేం అడిగే ప్రశ్న వేరు: ఇది పడకపోతే ఏమవుతుంది? కుట్టు పడకపోతే రక్తం బయటికి వస్తుంది, కంటికి కనిపిస్తుంది, వైరు (పరికరాలను నడిపించే సన్న తీగ) లోపలే ఉంటే ఇంకో ప్రయత్నానికి దారి ఉంటుంది. ధమని లోపల యాంకర్ (గోడకు ఆనే చిన్న పట్టీ) వదిలే పరికరం తేడా చేస్తే గజ్జ పొడిగానే ఉంటుంది, రక్తం అందక కాలు మాత్రం చల్లబడుతుంది. రెండోది ఆలస్యంగా బయటపడుతుంది. దాన్ని సరిచేయడానికి సర్జన్ రావాల్సి వస్తుంది.

ఏ పరికరం విప్పినా దానికి ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది: షీత్ గుండా కొద్దిగా డై ఇచ్చి ఫెమొరల్ యాంజియోగ్రామ్ తీయడం. పంక్చర్ ఉన్న వైపుకే 30 డిగ్రీలు వంచి తీస్తే ధమని రెండుగా చీలే చోటు విడివిడిగా కనిపిస్తుంది. షీత్ తొడ ఎముక తల మీదుగా, చీలికకు పైన, ఇన్ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ ధమని వంపుకు కింద లోపలికి వెళ్లి ఉండాలి. అంతకంటే పైన గుచ్చి ఉంటే కడుపు వెనక రక్తస్రావం ప్రమాదం ఉంది, అక్కడ నొక్కడానికి కింద ఎముక ఆసరా ఉండదు. కింద గుచ్చితే సూడోఅన్యూరిజం (ధమని పక్కన రక్తపు సంచి), ఏవీ ఫిస్టులా (ధమనికీ సిరకూ మధ్య దారి పడటం) లాంటివి వస్తాయి. ముందు గోడలో సున్నం (కాల్షియం) పేరుకుందా, ధమని ఎంత లావుందన్నదీ ఈ ఫిల్మ్‌లోనే చూసుకోవాలి. ఒక్క ఫిల్మ్‌తో తేలిపోయే ఈ సంగతులు చూడకుండా పరికరం ప్యాకెట్ విప్పడం ఏ ల్యాబ్‌లోనూ జరగకూడదు.

రోజువారీ 6 ఫ్రెంచ్ పనికి ఎక్కువ మంది చేతికి అలవాటైనది టెరుమో వారి ఆంజియో-సీల్. 6, 8 ఫ్రెంచ్ సైజుల్లో వస్తుంది. ధమని లోపల దాదాపు 10 మి.మీ. పొడవున్న పాలిమర్ యాంకర్, గోడ బయట ఆవు కొలాజెన్ ముద్ద, రెంటినీ కలిపి బిగించే దారం: ఇంతే దాని నిర్మాణం. మూడూ 60 నుంచి 90 రోజుల్లో కరిగిపోతాయి. ధమని కనీసం 4 మి.మీ. ఉండాలి.

వాడే తీరులో అసలు మెలకువ అంతా లొకేటర్ (ధమని గోడ ఎక్కడుందో చూపే గొట్టం) దగ్గరే ఉంది. పాత షీత్ తీసి వైరు మీదుగా దీని సొంత షీత్‌ను లొకేటర్‌తో కలిపి పంపాలి. లొకేటర్ పైనున్న చిన్న రంధ్రంలోంచి రక్తం చిమ్ముతుంది. నెమ్మదిగా వెనక్కి లాగితే ఒక చోట రక్తం ఆగుతుంది, అంటే కింది రంధ్రాలు ధమని దాటి బయటికి వచ్చాయన్నమాట. మళ్లీ రక్తం మొదలయ్యేదాకా ముందుకు తోసి, షీత్‌ను అక్కడే కదలకుండా పట్టుకోవాలి. లొకేటర్‌నూ వైరునూ తీసేసేటప్పుడు షీత్ ఒక్క సెంటీమీటరు జారినా లెక్క తప్పుతుంది. అందుకే ఎడమ చేయి వేళ్లు పేషెంటు చర్మానికి ఆనించి పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. తర్వాత పరికరాన్ని క్లిక్ అనేదాకా లోపలికి తోయాలి, మూతను లాక్ పడేదాకా వెనక్కి లాగాలి, ఆపై మొత్తాన్నీ గుచ్చిన కోణంలోనే వెనక్కి లాగాలి. నిట్టనిలువుగా లాగితే యాంకర్ గోడకు సమంగా ఆనదు. దారం బిగువుగా ఉంచి, కొలాజెన్‌ను నొక్కే టాంపర్ గొట్టాన్ని కిందికి తోసి, దారం మీద నల్ల గుర్తు కనిపించగానే ఆపాలి. మిగిలింది చర్మం లోపలికి పోయేలా దారం కత్తిరించడమే.

గోల ఎక్కడ వస్తుందంటే, టాంపర్ తోసేటప్పుడు దారం వదులైతే యాంకర్ గోడ నుంచి ఊడి, దాని వెనకే కొలాజెన్ కూడా ధమనిలోకి వెళ్లిపోతుంది. యాంకర్ వెనక గోడకో, చీలిక అంచుకో, గోడకు పేరుకున్న పెద్ద ప్లాక్‌కో తట్టుకున్నా ఇదే జరుగుతుంది. పని అయిన వెంటనే పాదం మీద నాడి చూడాలి. ముందు ఉన్న నాడి ఇప్పుడు లేకపోతే డాప్లర్ స్కాన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. ఇక ఇన్ఫెక్షన్ సంగతి. షీత్ 8 గంటలకు మించి ఉండిపోయి ఉంటే యాంటీబయాటిక్ గురించి ఆలోచించాలి. పరికరం ప్యాకెట్ విప్పే ముందు కొత్త గ్లవ్స్, కొత్త డ్రేప్, చర్మం మళ్లీ శుభ్రం చేయడం తప్పనిసరి. కొలాజెన్ ఇంకా కరగని సమయంలో అందులోకి సూక్ష్మజీవి చేరితే వదిలించుకోవడం చాలా కష్టం.

మా తీర్పు: 4 మి.మీ. కన్నా లావున్న, మెత్తటి, సరైన చోట గుచ్చిన ధమనికి ఆంజియో-సీల్ బాగుంటుంది. సున్నం పట్టిన సన్నటి ధమనికి వద్దు.

ఆబట్ వారి పర్‌క్లోజ్ ప్రోగ్లైడ్, దాని తర్వాత వచ్చిన ప్రోస్టైల్ లోపల ఏ ముద్దా వదలవు. 3-0 పాలీప్రొపిలీన్ దారంతో ధమని గోడకే కుట్టు వేస్తాయి. దారం కరగదు, కానీ అదే చోట వెంటనే మళ్లీ గుచ్చుకోవచ్చు. హ్యాండిల్ మీద 1, 2, 3, 4 అంకెలు ఉంటాయి, వరసగా అవే చేయాల్సిన పనులు. వైరు మీదుగా లోపలికి పంపాలి, వైరు బయటికొచ్చే రంధ్రం చర్మం దాకా రాగానే వైరు తీయాలి, మార్కర్ గొట్టంలో రక్తం గుండె కొట్టుకున్నట్టు ఎగిసి పడేదాకా ముందుకు తోయాలి. అప్పుడు 1: లీవర్ ఎత్తితే ధమని లోపల పరికరం ‘పాదం’ తెరుచుకుంటుంది. 45 డిగ్రీల కోణంలో వెనక్కి లాగితే పాదం గోడకు తగిలి రక్తం ఆగుతుంది. 2: ప్లంజర్ నొక్కితే సూదులు దిగుతాయి. 3: ప్లంజర్ లాగితే దారం వస్తుంది, దాన్ని కత్తిరించాలి. 4: లీవర్ దించి పాదం మూయాలి.

ఈ నాలుగో అంకెను మరచి పరికరాన్ని లాగితే ధమని చిరిగిపోతుంది. పక్కన నిలబడ్డ టెక్నీషియన్ అంకెలు బయటికి చదవడం మంచి అలవాటు. మూడో మెట్టులో దారం రాకపోతే సూది దాని గూడును అందుకోలేదని అర్థం. ముందు గోడలో సున్నం ఉన్నప్పుడు ఎక్కువగా ఇదే జరుగుతుంది. పాదం మూసి, వైరు తిరిగి పంపి, ఆ పరికరం తీసేసి కొత్తది వాడాలి. అదే దాన్ని మళ్లీ ప్రయత్నించకూడదు.

నీలం దారం లాగితే ముడి కిందికి జారుతుంది. తెల్ల కొన ఉన్న దారం లాగితే ముడి గట్టిపడుతుంది. తెల్లది ముందు లాగితే ముడి దారిలోనే బిగిసి ఆగిపోతుంది, ఇక కుట్టు పనికిరాదు. దారాలను సెలైన్‌తో తడిపి, దారం పోయే దిశలోనే నెమ్మదిగా లాగితే తెగడం అరుదు. ముడి కిందికి దించినా తెల్లది లాగకుండా, వైరు ఉంచి చూసుకోవచ్చు. రక్తం ఇంకా కారుతుంటే ఆ వైరు మీదుగానే రెండో కుట్టు వేయొచ్చు. ఇంత వెసులుబాటు ఇంకే పరికరంలోనూ లేదు. నేర్చుకోవడానికి సమయం పడుతుంది, కొత్త చేతులు మొదట్లో తడబడతాయి, అయినా నేర్చుకోమనే చెబుతాం.

8 ఫ్రెంచ్ దాటితే కనీసం రెండు పరికరాలు కావాలి. వాటిని పెద్ద షీత్ వేయకముందే, ఒకటి 30 డిగ్రీలు లోపలి వైపుకి, మరొకటి 30 డిగ్రీలు బయటి వైపుకి తిప్పి వేసి, దారాలు బిగించకుండా క్లాంప్ పెట్టి ఉంచాలి. ఏ దారం ఏ పరికరానిదో ముందే వేరుచేసి పెట్టుకోకపోతే చివర్లో తికమక తప్పదు.

పెద్ద చిల్లులకే తయారైనది టెలిఫ్లెక్స్ వారి మాంటా. 14, 18 ఫ్రెంచ్ సైజులున్నాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2019లో ఆమోదించింది. పద్ధతి ఆంజియో-సీల్‌ను పోలినదే: లోపల టాగిల్ (యాంకర్ లాంటి పట్టీ), బయట ఆవు కొలాజెన్, పైన చిన్న స్టీల్ లాక్. ఆ లాక్ కరగదు, తర్వాత ఎక్స్‌రేలో కనిపిస్తుంది. చర్మం నుంచి ధమనికి ఎంత లోతుందో పని మొదట్లోనే డెప్త్ లొకేటర్‌తో కొలిచి రాసుకోవాలి. ముగింపులో ఆ లోతుకు 1 సెం.మీ. కలిపిన చోటే టాగిల్ వదలాలి. గంటల తర్వాత గజ్జలో వాపు వచ్చి ఉంటే మొదటి కొలత పనికిరాదు, ఇది చాలామంది పట్టించుకోని సంగతి.

వేగంలో దీనికి తిరుగులేదు. కానీ 2022లో వెలువడిన చాయిస్-క్లోజర్ పరిశోధనలో 516 మంది టావీ పేషెంట్లను మాంటా, ప్రోగ్లైడ్ వర్గాలుగా విడదీసి చూస్తే, యాక్సెస్ దగ్గరి సమస్యలు మాంటాలో 19.4 శాతం, ప్రోగ్లైడ్‌లో 12.0 శాతం. రక్తం ఆగిన సమయం చూస్తే మాంటానే ముందుంది. మొదట్లో అడిగిన ప్రశ్నకు దగ్గరగా ఉన్న సమాధానం ఆ సమస్యల లెక్కే. కుట్లు ముందే వేయలేకపోయిన అత్యవసర కేసులకు మాంటా దగ్గర ఉంచుకోవాలి. ముందే తెలిసిన పనికి రెండు కుట్లే మా ఎంపిక.

మిగతావాటిలో కార్డిస్ వారి మింక్స్ ప్రత్యేకం. పాత షీత్ గుండానే 6 మి.మీ. బెలూన్ పంపి ఉబ్బించి, ధమని గోడకు లోపలి నుంచి ఆనించి, బయట పాలీఇథిలీన్ గ్లైకాల్ జెల్ వదులుతుంది. బెలూన్ తీసేశాక లోపల ఏమీ మిగలదు, జెల్ 30 రోజుల్లో పోతుంది. పేషెంటుకు నొప్పి తక్కువ. సున్నపు ముక్క గుచ్చుకుని బెలూన్ పగిలితే ఇక చేత్తో నొక్కడమే. బెలూన్ గోడకు సరిగ్గా ఆనకపోతే మాత్రం జెల్ లోపలికి జారే ప్రమాదం ఉంది. అదే కంపెనీ ఎక్సోసీల్ కూడా గోడ బయటే ప్లగ్ పెడుతుంది. టెరుమో ఫెమోసీల్ చొక్కా గుండీకి లోపలా బయటా పట్టు ఉన్నట్టు గోడను రెండు బిళ్ళల మధ్య నొక్కి పడుతుంది. ఈ రెంటినీ చేత్తో నొక్కడంతో పోల్చిన ఇసార్-క్లోజర్ పరిశోధన 2014లో వచ్చింది. 4,524 మందిలో పరికరాలతో సమస్యలు 6.9 శాతం, చేత్తో నొక్కినవారిలో 7.9 శాతం. అంటే పరికరం వల్ల భద్రత పెద్దగా పెరగలేదు, సమయమే మిగిలింది. పరికరం విఫలమైన కేసులు ఫెమోసీల్‌లో 5.3 శాతం, ఎక్సోసీల్‌లో 12.2 శాతం. ఈ అంకెలు డయాగ్నస్టిక్ యాంజియోగ్రామ్‌లవి. రక్తం గడ్డకట్టకుండా మందులు ఇచ్చి చేసే స్టెంట్ కేసులకు వీటిని యథాతథంగా అన్వయించకూడదు.

సిరలకు వేరే లెక్క. ఒత్తిడి తక్కువ కాబట్టి చర్మం కింద ఎనిమిది ఆకారంలో వేసిన ఒక్క కుట్టు చాలాసార్లు సరిపోతుంది. అబ్లేషన్‌లో (గుండె లయ సరిచేసే చికిత్స) రెండు మూడు షీత్‌లు వేసినప్పుడు, పేషెంటును త్వరగా లేపాలనుకుంటే 6 నుంచి 12 ఫ్రెంచ్ దాకా వాస్కేడ్ ఎంవీపీ అనే సిర మూసే పరికరం పనికొస్తుంది.

వార్డుకు పంపేటప్పుడు ఏ పరికరం వాడారో చార్టులో పెద్ద అక్షరాలతో రాయాలి. కొలాజెన్ పెట్టిన గజ్జను గట్టిగా నలిపితే ముద్ద కదులుతుంది, నర్సుకు ఈ సంగతి తెలియాలి. నడుము నొప్పి, బీపీ పడిపోవడం, నాడి వేగం పెరగడం కలిసి వస్తే గజ్జ మామూలుగా కనిపించినా కడుపు వెనక రక్తం చేరుతోందనే అనుకుని సీటీకి పంపాలి. ఆంజియో-సీల్ పడినవారికి ఇచ్చే కార్డు 90 రోజులు వెంట ఉంచుకోమని చెప్పండి. ఆలోపు అదే కాలికి మళ్లీ గుచ్చాల్సి వస్తే పాత చోటుకు 1 సెం.మీ. పైన గుచ్చాలి.